ఎర్రగా కనిపిస్తే పండినట్టేనా? స్ట్రాబెర్రీ తోటలో మనమే కోసుకునేటప్పుడు ఏది కోయాలి, ఏది వదలాలి

కొత్తబుట్ట
వచ్చే ఆదివారం పిల్లలిద్దరినీ, అత్తగారినీ తీసుకుని స్ట్రాబెర్రీ తోటకు వెళ్తున్నాం. ఎవరి పండ్లు వాళ్లే కోసుకుని, తూకం వేయించుకుని తెచ్చుకునే రకం తోట. మాలో ఎవరూ ఆ మొక్కను దగ్గరగా చూసిన పాపాన పోలేదు, డబ్బా కొనుక్కోవడమే తెలుసు. నా ఆలోచన ఏమిటంటే, సగం బాగా పండినవి, సగం దోరవి కోద్దామని. పండినవి ముందు తినేస్తాం. దోరవి బల్ల మీద పెడితే వారం మధ్యకల్లా పండుతాయి. ఈ లెక్క సరైనదేనా? అసలు పండిందని దేన్ని చూసి గుర్తుపట్టాలి? అత్తగారికి మోకాళ్ల నొప్పులు, ఎక్కువసేపు వంగలేరు. దానికి కూడా ఏదైనా ఉపాయం ఉంటే చెప్పి పుణ్యం కట్టుకోండి.

సాలుగట్టు
మిగతా అంతా బాగుంది గానీ, ఆ దోరవి కోసే లెక్క కొట్టేయండి. స్ట్రాబెర్రీ కోశాక పండదు. తెంపిన క్షణాన ఎంత తీపి ఉందో ఇక అంతే. ఆ తర్వాత మెత్తబడుతుంది, వాడుతుంది, బూజు పడుతుంది. తియ్యబడటం మాత్రం జరగదు.

నేను పండించేవాడిని. తోటకు వచ్చినవాళ్లలో చాలామంది నిలబడి పైనుంచి చూస్తారు, ఎర్రటి కొన కనబడగానే తెంపేస్తారు. కొనను చూడకండి, భుజాన్ని చూడండి. ఎరుపు సాధారణంగా కొన దగ్గర మొదలై పైకి పాకుతుంది. తొడిమ రేకుల నీడలో ఉండే పైఅంచు అన్నిటికంటే ఆఖరున రంగు తేలుతుంది. కాబట్టి ఆకులు పక్కకు తప్పించి, పండు కింద రెండు వేళ్లు పెట్టి కాస్త ఎత్తి, నేలవైపు ఉన్న చెంప ఎలా ఉందో తిప్పి చూడండి. అది ఇంకా తెల్లగానో లేత గులాబీగానో ఉంటే అలాగే దించేయండి. ఎల్లుండి వచ్చేవాళ్లకు అది మంచి పండవుతుంది. కోత కాలంలో మేము ప్రతి సాలునూ రెండు మూడు రోజులకొకసారి చూడక తప్పదు, అంత త్వరగా మారుతుంది.

రంగు తర్వాత చూడాల్సింది నిగనిగ. సరిగ్గా పండినది మెరుస్తుంది. మెరుపు పోయి ముదురు ఎరుపుకు తిరిగి, వేలు ఆనించగానే లొత్తపడేది దాటిపోయిన పండు. మూడో గుర్తు పండిన వాసన. అది మీకు చెప్పాల్సిన పనిలేదు, వంగగానే ముక్కుకు తెలుస్తుంది.

తొందరమనిషి
సాలుగట్టు గారూ, మీరు పండించేవారు కాబట్టి ఎదురు చెప్పడానికి జంకుగానే ఉంది. కానీ ఒక పక్క తెల్లగా ఉన్న పండును వంటగదిలో వదిలేస్తే మర్నాటికి ఎర్రబడటం నేను కళ్లారా చూశాను. పండకుండానే ఎర్రబడుతుందా?

పాఠాలమాస్టారు
మీరు చూసింది నిజమే. దానికి చెప్పుకున్న అర్థమే తప్పు.

అరటి, మామిడి లాంటివి కాయగా ఉన్నప్పుడే పిండిపదార్థాన్ని లోపల దాచుకుంటాయి. కోశాక అవి ఇథిలీన్ అనే వాయువును విడుదల చేస్తాయి, దాని ప్రభావంతో ఆ పిండి చక్కెరగా మారుతుంది. అందుకే వాటిని పచ్చిగా కోసి మాగబెట్టినా తీపెక్కుతాయి. స్ట్రాబెర్రీ ఆ జాతిది కాదు. కోతకు వచ్చే నాటికి దానిలో దాచుకున్న పిండి దాదాపు ఏమీ ఉండదు. చక్కెర ఎప్పటికప్పుడు ఆకుల్లో తయారై కాడ గుండా పండులోకి రావాలి. కాడ తెగిందంటే కుళాయి కట్టేసినట్టే.

రంగు సంగతి వేరు. ఆ ఎరుపునిచ్చేవి ఆంథోసయనిన్లు, వాటిలో ముఖ్యమైనది పెలార్గోనిడిన్ ఆధారిత వర్ణకం. కోశాక కూడా ఇది కొంతవరకు తయారవుతూనే ఉంటుంది. అందువల్ల తెల్ల చెంప ఎర్రబడుతుంది, నాలుక మీద మాత్రం పులుపే తగులుతుంది. కళ్లను మోసం చేయడంలో ఈ పండుకు ఈ పండే సాటి.

తొందరమనిషి
సరే మాస్టారూ, ఒప్పుకున్నాను. ఎర్రబడినదాన్ని చూసి మురిసిపోయానే గానీ, రుచి ఎలా ఉందన్నది గుర్తుచేసుకోలేదు. ఇప్పుడు మీరు అడిగితే, ఏమంత తియ్యగా లేదు.

నీలిగొడుగు
భుజం తెల్లగా ఉంటే వదిలేయమన్నారు కదా. మేము వెళ్లిన తోటలో ఎంత వెదికినా అన్నిటికీ తొడిమ దగ్గర తెల్లటి వలయం ఉంది. అయినా తియ్యగానే ఉన్నాయి. దీనికి ఏమంటారు?

సాలుగట్టు
మంచి ప్రశ్న. ఎండలు ముదిరినప్పుడు కొన్ని రకాల్లో తొడిమ దగ్గర రంగు పూర్తిగా పట్టదు, లోపల పండు మాత్రం పండిపోతుంది. కొన్ని రకాలు పూర్తిగా పండినా లేత ఎరుపులోనే ఆగిపోతాయి, మరికొన్ని పండకముందే ముదురుగా కనబడతాయి. నా మాట శిలాశాసనం కాదు. తోట గుమ్మం దగ్గర అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే: ఈ రోజు కోస్తున్నది ఏ రకం, అది పండితే ఎలా ఉంటుంది? పండించేవాడు ఒక పండు కోసి చూపిస్తాడు. దాన్ని చేతిలో పట్టుకుని సాలులోకి దిగితే తికమకే ఉండదు.

పూర్తిగా తెల్లటి రకాలు కూడా ఉన్నాయి. వాటిలో కండను కాదు, గింజలను చూడాలి. పండేకొద్దీ గింజలు ఎర్రబడతాయి, కండ తెల్లగానో, లేత గులాబీ ఛాయతోనో ఉంటుంది.

కొత్తబుట్ట
అంటే దోర లెక్క పోయింది. మరి చెట్టు మీదే నల్లబడేదాకా ఉంచినవి ఇంకా తీపిగా ఉంటాయా?

సాలుగట్టు
అక్కడే నిలబడి నోట్లో వేసుకుంటే అంతకు మించిన పండు లేదు. ఇంటికి చేరేసరికి మాత్రం రసం కారి, పక్క పండ్లను కూడా తడిపి పాడు చేస్తుంది. ఒళ్లంతా ఎర్రబడి, ఇంకా గట్టిదనం పోని పండే బుట్టకు తగినది.

ఇక కోసే తీరు. రాసి చెప్పడం కష్టమే, ప్రయత్నిస్తాను. పండును పట్టుకుని లాగొద్దు. లాగితే రెండింట్లో ఒకటి జరుగుతుంది: తొడిమ మొక్కకే ఉండిపోయి పండు నెత్తిన గుంట పడుతుంది, ఆ గుంటలోంచి రసం ఊరి సాయంత్రానికి బూజు మొదలవుతుంది. లేదా గుత్తి మొత్తం ఊడి, దానితో పాటు నాలుగు కసుగాయలు చేతికొస్తాయి. అరచేతిని పండు కిందకు పోనివ్వండి. తొడిమకు కాస్త పైన ఉన్న కాడను బొటనవేలి గోరుకూ చూపుడు వేలికీ మధ్య చిక్కించుకోండి. గోటితో నొక్కుతూ మణికట్టు కొంచెం తిప్పితే కాడ టక్కున తెగుతుంది, పండు దొర్లి అరచేతిలోకి వస్తుంది. పండు ఒంటిని వేళ్లు తాకాల్సిన అవసరమే రాదు. తొడిమ రేకులు, చిటికెడు కాడ పండుకు ఉండిపోవాలి. ఒక్క చేతిలో రెండు మూడు కంటే ఎక్కువ పోగేయకండి, పిడికిలిలో నలిగిపోతాయి.

చల్లనిగది
పండ్లు నిల్వ చేసే చోట పని చేస్తాను, బుట్ట గురించి రెండు ముక్కలు కలుపుతాను. బకెట్లు తీసుకెళ్లకండి. వెడల్పుగా, లోతు తక్కువగా ఉన్న పళ్లెం లాంటిదే మంచిది. పండ్లు పది సెంటీమీటర్ల ఎత్తు దాటి పేరిస్తే పైవాటి బరువుకే కిందివి చితుకుతాయి. నింపిన పళ్లాన్ని సాలు చివర ఎండలో వదిలేసి ఇంకో రెండు సాళ్లు తిరిగి వచ్చేవాళ్లను చూస్తే నా ప్రాణం ఉసూరుమంటుంది. నీడలో పెట్టండి. కారు డిక్కీలో అసలు పెట్టకండి.

మా దగ్గర కోసిన గంట రెండు గంటల్లోపే చల్లబరచడం మొదలుపెడతాం. సున్నా డిగ్రీల సెల్సియస్ దగ్గర, గాలిలో తేమ 90 నుంచి 95 శాతం ఉండేట్టు చూస్తే వారం దాకా నిలుస్తుంది. ఇంటి ఫ్రిజ్ అంత చల్లగా ఉండదు కాబట్టి రెండు మూడు రోజుల్లో తినేయడమే మేలు. ముందుగా కడిగి పెట్టకండి. తడి తగిలితే బూజుకు విందు. తినే ముందే, తొడిమతో సహా కడగండి. తొడిమ తీసేశాక కడిగితే నీళ్లు లోపలికి పోయి పండు చప్పబడుతుంది.

నీలిగొడుగు
ఉదయం వెళ్లాలా, సాయంత్రమా?

సాలుగట్టు
ఉదయం. అయితే మంచు ఆరాక. తడిగా కోసినవి నిలవవు. మధ్యాహ్నం కోసిన పండు ఒంట్లో ఎండ వేడి ఉంటుంది, మెత్తగా ఉంటుంది, త్వరగా నలుగుతుంది. పెద్ద వాన పడిన మర్నాడు వెళ్లే ప్రయాణమైతే వాయిదా వేసుకోండి. రుచి పలచబడి ఉంటుంది, బూజు పట్టినవి కూడా ఎక్కువ కనబడతాయి.

కొత్తబుట్ట గారి అత్తగారి సంగతి మరిచాను. ఇప్పుడు చాలా తోటల్లో నడుము ఎత్తున తొట్లు కట్టి పెంచుతున్నారు, పండ్లు అంచు మీదుగా కిందకు వేలాడుతుంటాయి. నిలబడే కోసుకోవచ్చు. ముందుగా ఫోను చేసి ఆ ఏర్పాటు ఉందేమో కనుక్కోండి. నేల మీది మడులే అయితే చిన్న పీట పట్టుకెళ్లి, ఒకే చోట కూర్చోబెట్టండి. చేతికందే మేర నిదానంగా వెతికితే, పరుగెత్తే పిల్లల కంటే ఆవిడ బుట్టే ముందు నిండుతుంది. ఆకుల కింద దాగినవి కూర్చున్న మనిషికే కనబడతాయి.

కొత్తబుట్ట
పీట మాట ఆవిడతో చెప్పాను. “మీరంతా తిరగండి, నేను కోస్తాను” అని అప్పుడే సవాలు విసిరారు.

పిల్లలు అక్కడికక్కడే తినేస్తామంటున్నారు. తినొచ్చా?

చల్లనిగది
ముందు తోటవారు ఒప్పుకుంటారో లేదో అడగండి, తూకం వేయని పండు వాళ్లకు నష్టమే. తర్వాత, ఈ మధ్య మందు కొట్టారా అని అడగండి. ప్రతి మందుకూ కొట్టాక ఇన్ని రోజులు ఆగి కోయాలనే గడువు ఉంటుంది. మంచి రైతు ఆ గడువు ముగిశాకే గేటు తెరుస్తాడు. అయినా కడగని పండు కడగని పండే. మట్టికి ఆనుకుని పెరిగేది, ఎన్నో చేతులు తడిమేది. ఒక సీసాలో తాగేనీళ్లు పట్టుకెళ్లి కడిగి తినిపించండి. కోతకు ముందు పిల్లలచేత చేతులు కడిగించండి, అది వాళ్ల కోసం కంటే తర్వాత వచ్చేవాళ్ల కోసం.

తొందరమనిషి
కడిగితే సాలులో తినే సరదా ఏముంటుందండీ.

చల్లనిగది
సరదా సరే, కడుపునొప్పితో రాత్రంతా మేలుకునేది పిల్లల తల్లి.

నీలిగొడుగు
చిన్నవి, వంకరవి చాలా కనబడతాయి. మా పిల్లలు వాటిని పారేసి పెద్దవే ఏరుతారు. పెద్దవి ఎక్కువ తీపా?

పాఠాలమాస్టారు
సైజుకూ తీపికీ ముడిపెట్టకండి. ఒక పూగుత్తిలో మొదట విచ్చుకునే పువ్వు పెద్దది, అదే పెద్ద పండవుతుంది. తర్వాత వరుసలో వచ్చేవి క్రమంగా చిన్నవవుతాయి. కాబట్టి కోత మొదలైన రోజుల్లో వెళ్తే పెద్దవి, చివర్లో వెళ్తే చిన్నవి దొరుకుతాయి. చివరి రోజుల చిన్న పండ్లను నేను వదలను.

వంకరల వెనుక మంచి కథ ఉంది. మనం పండు అనుకునే ఎర్రటి కండ నిజానికి ఉబ్బిన పుష్పాసనం, అంటే పువ్వు కూర్చునే పీఠం. పైన చుక్కల్లా కనబడేవే అసలు పండ్లు, ఒక్కోదానిలో ఒక్కో విత్తనం ఉంటుంది. 1950లో నిట్ష్ అనే శాస్త్రవేత్త ఒక పని చేశాడు. ఎదుగుతున్న కాయ మీద ఆ గింజలన్నీ జాగ్రత్తగా ఊడదీశాడు. కండ ఎదగడం ఆగిపోయింది. గింజల బదులు ఆక్సిన్ అనే హార్మోను పూస్తే మళ్లీ ఎదిగింది. కొన్ని గింజలే మిగిల్చిన కాయలో వాటి చుట్టూ మాత్రమే కండ ఉబ్బింది. తోటలో జరిగేదీ అదే. తేనెటీగలు సరిగా తిరగని రోజుల్లో, లేదా పూత మీద పురుగు పడినప్పుడు కొన్ని గింజలు కట్టవు, అటువైపు కండ లోపలికి నొక్కుకుపోతుంది. ఒక వంకర పండు దొరికితే పిల్లలకు చూపించండి, నొక్కుకుపోయిన చోట గింజలు చిన్నవిగా, దగ్గర దగ్గరగా కిక్కిరిసి ఉంటాయి. రుచికి లోటేమీ ఉండదు.

తొందరమనిషి
మాస్టారు పాఠంలోకి దిగారంటే ఇక ఆగరు. ఇంతకీ ఈ పండు ఎక్కడిది?

పాఠాలమాస్టారు
మీరే అడిగారు, కాచుకోండి. ఇప్పుడు తోటల్లో ఉన్నది రెండు అమెరికా ఖండాల జాతుల సంకరం, కానీ ఆ కలయిక జరిగింది ఐరోపాలో. ఫ్రెంచి సైనిక ఇంజనీరు ఫ్రెజియే 1714లో చిలీ నుంచి పెద్ద కాయలు కాసే జాతి మొక్కలను ఫ్రాన్సుకు తెచ్చాడు. అవి ఆడ మొక్కలు. పక్కన పుప్పొడినిచ్చే మొక్క లేక కాపు లేకుండా ఉండిపోయాయి. తర్వాత ఉత్తర అమెరికా నుంచి వచ్చిన వర్జీనియా జాతిని దగ్గర్లో నాటితే కాపు పట్టింది, ఆ రెంటి సంకరమే ఇప్పటి మన పండు. 1766లో డ్యూషేన్ దాని పుట్టుపూర్వోత్తరాలను తేల్చి రాశాడు.

జామ్‌సీసా
ఆలస్యంగా వచ్చాను. అందరూ కలిసి దోరవాటిని మరీ తీసిపారేశారు! జామ్ చేసేవాళ్లకు అవి కూడా పనికొస్తాయి. స్ట్రాబెర్రీలో పెక్టిన్ తక్కువ, అది లేకపోతే జామ్ గట్టిపడదు. కాస్త దోరవాటిలో అది ఎక్కువ ఉంటుంది. నాలుగో వంతు దోరవి, మిగతావి బాగా పండినవి వేసి, కొంచెం నిమ్మరసం పిండితే చక్కగా అమరుతుంది. తెల్లకాయ కాదు సుమా, ముప్పావు ఎర్రబడినది.

సాలుగట్టు
జామ్‌కైతే ఒప్పుకుంటాను. ముందుగా చెప్పి కోయండి. దోరవి తెంపే చేతులను చూస్తే నాకు అనుమానం వస్తుంది.

కొత్తబుట్ట
బూజు పట్టినవి కనబడితే ఏం చేయాలి? వాటి కింద మంచివి కూడా ఉంటాయి కదా. పురుగుల మాట కూడా ఎక్కడో చదివాను, కంగారుపడాలా?

సాలుగట్టు
బూడిద రంగు నూగుతో ఉన్నది బోట్రైటిస్ అనే బూజు. దానికి ఆనుకున్న పండు పైకి బాగున్నా కోయకండి, ఇంటికెళ్లేసరికి అదీ అంతే. బూజు పండును ముట్టుకున్న వేళ్లతో మంచివాటిని ముట్టుకోవద్దు. తీసి సాళ్ల మధ్య విసరవద్దు, మాకు చెబితే మేమే ఏరి బయటకు తీసుకెళ్తాం.

పురుగు అంటే బహుశా మచ్చల రెక్కల పండు ఈగ అయి ఉంటుంది. మామూలు పండు ఈగలు కుళ్లినవాటిని వెతుక్కుంటాయి. ఇది రంపంలాంటి అవయవంతో గట్టి పండునే చీల్చి లోపల గుడ్డు పెడుతుంది. ఆసియా నుంచి పాకి, 2008లో ఒకేసారి కాలిఫోర్నియాలోనూ దక్షిణ ఐరోపాలోనూ బయటపడింది. దానివల్లే పండిన పండును తోటలో ఎక్కువ రోజులు ఉంచనివ్వం. మీరు చేయాల్సింది ఒకటే, కోసినవాటిని వెంటనే ఫ్రిజ్‌లో పెట్టడం. చలికి గుడ్లు, పిల్ల పురుగులు ఎదగలేవు.

ఇంకో మనవి. ఒక సాలు మీద నుంచి ఇంకో సాలులోకి దూకకండి. సాళ్ల మధ్య గడ్డి పరిచింది మీరు నడవడానికే. అడుగు వేసిన చోట కాయలే కాదు, రేపటి పూత కూడా నలిగిపోతుంది.

జామ్‌సీసా
ఎక్కువ కోసేశారనుకోండి, జామ్ చేసే ఓపిక లేదనుకోండి. కడిగి, బట్ట మీద పూర్తిగా ఆరబెట్టి, తొడిమలు తీసి, పళ్లెంలో ఒకదానికొకటి తగలకుండా ఒకే వరుసగా ఫ్రీజర్‌లో పెట్టండి. రాళ్లలా బిగిశాక సంచిలోకి మార్చండి. ముద్దకట్టవు, కావలసినన్ని తీసుకోవచ్చు. కరిగాక మాత్రం మెత్తబడిపోతాయి, పచ్చిగా తినడానికి పనికిరావు. పానీయాలకు, జామ్‌కు బాగుంటాయి.

కొత్తబుట్ట
అందరికీ ధన్యవాదాలు. మా పెద్దవాడు పైన మాస్టారు రాసింది చదివి, “అయితే ఆ గింజలు నాటితే మొక్కలు వస్తాయా” అని పట్టుకున్నాడు. వస్తాయా?

పాఠాలమాస్టారు
వస్తాయి. కానీ తల్లిలా ఉండవు. ఇది ఎనిమిది జతల, కాదు, ఎనిమిది వరుసల క్రోమోజోములున్న సంకర మొక్క, మొత్తం 56. అంత కలగలుపులో ఏ గింజలోంచి ఏది బయటపడుతుందో ఎవరూ చెప్పలేరు. అబ్బాయికి చెప్పండి, పుల్లటి కాయలు వచ్చినా అది ప్రపంచంలో అతని ఒక్కడి దగ్గరే ఉండే రకం అవుతుంది.

నాటేదైతే, బాగా పండిన పండు పైపొరను గీరి ఆరబెట్టి గింజలు తీయండి. మూడు నాలుగు వారాలు ఫ్రిజ్‌లో ఉంచండి. తర్వాత మెత్తటి తడిమట్టి మీద చల్లి అదిమి వదిలేయండి, మట్టి కప్పొద్దు. మొలకెత్తడానికి వాటికి వెలుతురు కావాలి.

సాలుగట్టు
అంత ఓపిక లేకపోతే పాకే తీగలకు వచ్చే పిల్ల మొక్కలు నాటుకోవచ్చు, అవి అచ్చంగా తల్లిలాగే ఉంటాయి. అయితే వాటిని తోటలో మీరే తెంపుకురాకండి. కొన్ని రకాలపై వాటిని సృష్టించినవారికి హక్కులు ఉంటాయి, మేము కూడా ఇవ్వలేం. హక్కులు లేని పాత రకం ఏదైనా ఉందేమో అడగండి. కోత కాలం ముగిశాక తీగలు విపరీతంగా పాకుతాయి, వాటిని కత్తిరించి పారేయడం మాకు పెద్ద పని. అప్పుడు వచ్చి అడిగితే ఎవరైనా సంతోషంగా ఇస్తారు.